"టైమింగ్ తప్పింది" అంటే తప్పిందేమిటి? పాత ఇంజిన్ పలకకపోవడం వెనక ఉన్న లెక్క

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న పాత బుల్లెట్‌ను బయటికి తీస్తారు. కొత్త ప్లగ్గు వేస్తారు, కొత్త బ్యాటరీ పెడతారు, ట్యాంకులో పెట్రోలు పోస్తారు. ఇరవై కిక్కులు కొట్టినా పలకదు. ఆ తర్వాతి కిక్కుకు పెడల్ ఎదురు తన్ని చీలమండ అదిరిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు తేల్చేస్తారు: "టైమింగ్ తప్పిందండీ!"

ఆ మాటకు అందరూ తల ఊపుతారు. అయితే ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక "పాత బండ్లకు టైమింగ్ మార్చాలా?" అనే ప్రశ్న కూడా తోడైంది. కాబట్టి మొదటి నుంచి వద్దాం. ఉదాహరణకు రెండు ఇంజిన్లు తీసుకుంటాను. ఒకటి 2010 ప్రాంతం దాకా వచ్చిన క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350, అందులోనూ పాయింట్లు (నిప్పును సమయానికి పుట్టించే స్విచ్చు, వివరం కిందుంది) ఉన్న పాత రకం. రెండోది అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్. మన ఊళ్లలో ఎక్కువమంది చేతులు పెట్టిన ఇంజిన్లు ఇవే.

ఒక మాట, మూడు అర్థాలు

మొదటిది ఇగ్నిషన్ టైమింగ్. పిస్టన్ ఎక్కడ ఉన్నప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుందన్నది. ఈ వ్యాసం దీని గురించే.

రెండోది వాల్వ్ టైమింగ్. పిస్టన్ ఎక్కడ ఉన్నప్పుడు వాల్వులు, అంటే మిశ్రమాన్ని లోపలికి, పొగను బయటికి వదిలే తలుపులు, తెరుచుకుని మూసుకుంటాయన్నది. దీన్ని లోపలి గేర్లో చైనో నిర్ణయిస్తాయి. టైమింగ్ కవర్ విప్పి గేర్ల మీది గుర్తులు కలపకుండా బిగిస్తే తప్ప ఇది సాధారణంగా మారదు.

మూడోది ఫైరింగ్ ఆర్డర్. ఒకటికి మించి సిలిండర్లు ఉన్నప్పుడు ఏ సిలిండర్ తర్వాత ఏది పేలాలన్న వరస. నిజానికి ఇది టైమింగ్ కాదు, తీగల అమరిక. తప్పితే మాత్రం లక్షణాలు టైమింగ్ తప్పినట్టే ఉంటాయి, అందుకే ఈ పేరు కిందకి వచ్చి చేరింది.

పిస్టన్ పైకి చేరకముందే నిప్పు ఎందుకు?

పిస్టన్ సిలిండర్‌లో చేరగలిగిన అత్యంత పై స్థానాన్ని టాప్ డెడ్ సెంటర్ అంటారు, పొట్టిగా టీడీసీ. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుకుంటూ అక్కడికి వస్తుంది. నిప్పు సరిగ్గా టీడీసీ దగ్గర పడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా కాదు, కాస్త ముందే పడాలి.

కారణం, మిశ్రమం బాంబులా ఒక్కసారిగా పేలదు. గడ్డివాముకు ఒక మూల నిప్పు అంటుకున్నట్టు ప్లగ్గు దగ్గర మొదలై మంట అవతలి గోడ దాకా పాకుతుంది. దానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ పైకి వెళ్లి, దిగడం మొదలుపెట్టి, క్రాంక్ (పిస్టన్ ఎక్కి దిగడాన్ని తిరుగుడుగా మార్చే ఇరుసు) మరో 15 డిగ్రీలు తిరిగే ప్రాంతంలో ఒత్తిడి గరిష్ఠానికి చేరితే ఆ తోపు పూర్తిగా పనికొస్తుంది.

లెక్క కోసం మంట పాకడానికి 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే క్రాంక్ సెకనుకు 18,000 డిగ్రీలు తిరుగుతున్నట్టు. ఆ 2 మిల్లీసెకన్లలో 36 డిగ్రీలు తిరిగిపోతుంది. కిక్కు కొట్టేటప్పుడు వేగం 300 చుట్లనుకుంటే సెకనుకు 1800 డిగ్రీలు, అంటే అదే 2 మిల్లీసెకన్లలో తిరిగేది 3.6 డిగ్రీలే.

స్టార్ట్ కాని ఇంజిన్ రహస్యం ఈ రెండు అంకెల మధ్య ఉంది. రోడ్డు మీద పరుగెత్తే ఇంజిన్‌కు బాగా ముందు నిప్పు కావాలి. కిక్కు దగ్గర అదే నిప్పు పడితే ఏమవుతుందో చూడండి. టీడీసీకి 36 డిగ్రీల ముందు రవ్వ పడింది, 3.6 డిగ్రీలు తిరిగేసరికి మంట పూర్తయింది. పిస్టన్ ఇంకా 32 డిగ్రీల దూరం పైకి ఎక్కాల్సి ఉంది. ఎక్కే పిస్టన్‌ను ఎదురుగా వచ్చిన ఒత్తిడి వెనక్కి తోస్తుంది. చీలమండకు తగిలిన దెబ్బ అదే. (మంట వేగం అన్ని వేగాల దగ్గరా ఒకేలా ఉండదు, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ లోపలి సుడి పెరిగి మంట కూడా త్వరగా పాకుతుంది. పై లెక్క దారి చూపడానికే.)

రెండు అవసరాలకు ఒక బరువుల జత

ఈ చిక్కును పాత ఇంజినీర్లు తీర్చిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పాయింట్ల ప్లేటు కింద రెండు చిన్న బరువులు, వాటిని లోపలికి లాగి పట్టుకునే రెండు స్ప్రింగులు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బరువులు లోపలే ఉంటాయి, నిప్పు ఆలస్యంగా పడుతుంది. వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుని పాయింట్లను తెరిచే తిరుగుడు గుబ్బను, అంటే క్యామ్‌ను, ముందుకు తిప్పుతాయి. దీన్నే ఆటో అడ్వాన్స్ అంటారు. నిప్పు ముందుకు జరిగితే అడ్వాన్స్, వెనక్కి జరిగితే రిటార్డ్.

బుల్లెట్ 350కి కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలత టీడీసీకి 0.8 మిల్లీమీటర్ల ముందు, అంటే పిస్టన్ ఇంకా అంత దూరం ఎక్కాల్సి ఉండగా. దాని పక్కనే "పూర్తిగా రిటార్డ్ స్థితిలో" అనే మాట ఉంటుంది. చాలామంది అంకె గుర్తుపెట్టుకుని ఆ మాట మరచిపోతారు. బరువులు విచ్చుకుని ఉన్నప్పుడు 0.8 పెట్టారనుకోండి. స్టార్ట్ చేసే సమయానికి బరువులు ముడుచుకుంటాయి, నిప్పు టీడీసీ దాటాక ఎప్పుడో పడుతుంది. బండి పలకదు. ఇందుకు తిరగేసి, తుప్పు పట్టి బరువులు విచ్చుకున్న చోటే బిగుసుకుపోతే, లేక స్ప్రింగు తెగిపోతే, ప్లేటు మీద సెట్టింగు సరిగ్గానే ఉన్నా ప్రతి కిక్కూ ఎదురు తంతుంది. ఏళ్ల తరబడి కదలని బండిలో దీన్ని ముందుగా అనుమానించడం న్యాయం.

ఆ 0.8 మిల్లీమీటర్లు ఎన్ని డిగ్రీలు? బుల్లెట్‌లో పిస్టన్ ప్రయాణించే దూరం 90 మిల్లీమీటర్లు. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కోణాన్ని కూడా కలిపి లెక్కిస్తే సుమారు పది డిగ్రీలు వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఈ లెక్కలోనే బయటపడుతుంది: టీడీసీ దగ్గర క్రాంక్ 3 డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలేది దాదాపు 0.08 మిల్లీమీటర్లు. ప్లగ్గు రంధ్రంలో చువ్వ పెట్టి "ఇదిగో, పైకి వచ్చేసింది" అని కంటితో చెప్పేవాళ్లు తెలియకుండానే మూడు నాలుగు డిగ్రీలు తప్పుతారు. అనుభవం ఉన్న మెకానిక్కులు పిస్టన్‌ను ఇటు ఒకసారి, అటు ఒకసారి ఒకే ఎత్తు దగ్గర ఆపి, ఆ రెండు గుర్తుల నడిమధ్యను టీడీసీగా తీసుకునేది అందుకే.

నిప్పు పుట్టేది పాయింట్లు విడిపోయినప్పుడు

పాయింట్లు అంటే స్విచ్చులా కలిసి విడిపోయే రెండు లోహపు ముక్కలు. అవి కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారుతుంది. క్యామ్ వాటిని విడదీసిన క్షణాన ఆ కరెంటు ఆగిపోయి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర దూకుతాయి. చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కోసం రూపుదిద్దిన పద్ధతి ఇది. అరవై డెబ్బై ఏళ్లు ప్రపంచమంతా దీని మీదే నడిచింది.

కాబట్టి టైమింగ్ పెట్టడమంటే, పాయింట్లు విడిపోవడం మొదలయ్యే క్షణాన్ని పిస్టన్ స్థానంతో కలపడం. ఆ క్షణాన్ని కనిపెట్టడానికి మన షెడ్లలో మూడు పద్ధతులున్నాయి. పాయింట్ల మధ్య సన్నటి కాగితం పెట్టి మెల్లగా లాగుతుంటే, అవి విడివడగానే కాగితం జారి వస్తుంది. పాయింట్లకు వెళ్లే కాయిల్ తీగ నుంచి బాడీకి చిన్న బల్బు కలిపితే, పాయింట్లు కలిసి ఉన్నంతసేపు వెలగదు, విడిపోగానే వెలుగుతుంది. బుల్లెట్ వాళ్లకైతే హెడ్‌లైట్ మీదే కరెంటు కొలిచే ఆమీటర్ ఉంది. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. మూడూ చెప్పేది ఒకే సంగతి. బల్బు మిగతా రెండింటికన్నా కచ్చితమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే కాగితానికి మందం ఉంటుంది, ముల్లుకు బద్ధకం ఉంటుంది.

పాయింట్ల మధ్య ఖాళీ కూడా టైమింగ్‌ను కదుపుతుంది. బుల్లెట్‌కు ఆ ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఖాళీ పెద్దదైతే క్యామ్ వాటిని తొందరగా విడదీస్తుంది, నిప్పు ముందుకు జరుగుతుంది. చిన్నదైతే ఆలస్యంగా విడిపోతాయి. క్యామ్‌కు రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతూ వస్తుంది, టైమింగ్ ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి పోతుంది. అరిగి 0.20కి వచ్చిన పాయింట్లను 0.40కి తెచ్చేస్తే టైమింగ్ దానంతటదే పాత చోటికి దాదాపు తిరిగి వస్తుంది. అది తెలియక ముందు ప్లేటు తిప్పి టైమింగ్ సరిచేసి, ఆపైన ఖాళీ సరిచేస్తే, సరిచేసిన టైమింగ్ మళ్లీ చెడుతుంది. "నిన్న పెట్టిన టైమింగ్ ఇవాళ తప్పింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ వరస తప్పడమే.

టీడీసీలు రెండు

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక పూర్తి వలయానికి (మిశ్రమం పీల్చడం, నొక్కడం, కాల్చడం, పొగ తోయడం) క్రాంక్ రెండుసార్లు తిరుగుతుంది. అంటే పిస్టన్ టీడీసీకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుకుంటూ, ఇంకోసారి కాలిన పొగను బయటికి తోస్తూ. పైనుంచి చూస్తే రెండింటికీ తేడా లేదు. నిప్పు కావలసింది మొదటిదానికి మాత్రమే.

బుల్లెట్‌లో పాయింట్ల క్యామ్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి రెండు చుట్లకు ఒక్క నిప్పే. పొగ తోసే టీడీసీ దగ్గర 0.8 పెట్టేస్తే అన్నీ కచ్చితంగా కనిపిస్తాయి. ప్లగ్గు బయట పెట్టి చూస్తే నీలిరంగు రవ్వ, కార్బొరేటర్‌లో పెట్రోలు, సిలిండర్‌లో కంప్రెషన్ (నొక్కుడు), అన్నీ ఉంటాయి. బండి మాత్రం పలకదు, మహా అయితే కార్బొరేటర్ లోంచి తుమ్ముతుంది. దీన్నే మెకానిక్కులు "నూట ఎనభై తప్పింది" అంటారు. క్యామ్ లెక్కలో సగం చుట్టు, క్రాంక్ లెక్కలో పూర్తి చుట్టు.

మా బాబాయి బుల్లెట్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఇంజిన్ విప్పి బిగించాక మూడు రోజులు పలకలేదు. ఆ మూడు రోజుల్లో కాయిల్ మారింది, కండెన్సర్ మారింది, కార్బొరేటర్ మూడుసార్లు ఊడింది. చివరికి పక్క షెడ్డు పెద్దాయన వచ్చి టాపెట్ కవర్ విప్పి, పాయింట్లు విడిపోయే చోట ఇంజిన్ ఆపి, వాల్వులను తెరిచే పుష్‌రాడ్లను వేళ్లతో తిప్పి చూశాడు. రెండూ వదులుగా తిరిగితే వాల్వులు రెండూ మూసి ఉన్నట్టు, అది కంప్రెషన్ టీడీసీ. అవి తిరగలేదు. అంతే, రోగం తెలిసిపోయింది.

అన్ని బండ్లకూ ఈ ప్రమాదం లేదు. పాయింట్లు నేరుగా క్రాంక్ మీదే ఉన్న సింగిల్ సిలిండర్ బండ్లలో ప్రతి చుట్టుకూ నిప్పు పడుతుంది, ఒకటి పనికొస్తుంది, ఒకటి వృథా. అక్కడ నూట ఎనభై తప్పడం కుదరదు.

అంబాసిడర్: నాలుగు తీగలు, ఒక వరస

1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కు బ్రిటన్ కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ పెట్రోలు ఇంజిన్ చాలాకాలం నడిచింది. నిప్పును నాలుగు సిలిండర్లకు పంచేది డిస్ట్రిబ్యూటర్. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది.

ఈ చిన్న వివరం ఎంత పని చేస్తుందో చూడండి. ఎవరో డిస్ట్రిబ్యూటర్ మూత కడిగి, తీగలన్నీ పీకి, మళ్లీ 1-3-4-2 వరసలోనే పెట్టారు, కాకపోతే గడియారం దిశలో. రోటర్ ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి దానికి ఆ వరస 1-2-4-3గా అందుతుంది. ఒకటి, నాలుగు సిలిండర్లకు నిప్పు సమయానికే చేరుతుంది. రెండు, మూడు మాత్రం తారుమారు. ఇంజిన్ పూర్తిగా చచ్చినట్టు ఉండదు. అందుకుంటున్నట్టే ఉంటుంది, దగ్గుతుంది, కార్బొరేటర్‌లోనూ సైలెన్సర్‌లోనూ టపటపమంటుంది. ఎంతసేపు డిస్ట్రిబ్యూటర్ తిప్పినా దారికి రాదు, ఎందుకంటే తప్పు కోణంలో లేదు.

అదే నాలుగు తీగలూ రెండేసి స్థానాలు జరిగితే అప్పుడది బుల్లెట్‌లో చూసిన నూట ఎనభై తప్పే. ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ కలిసే పైకి వస్తాయి. ఒకటోది నొక్కే పనిలో ఉంటే నాలుగోది పొగ తోసే పనిలో ఉంటుంది. క్రాంక్ పుల్లీ మీది గుర్తు చూసి "ఒకటో సిలిండర్ టీడీసీలో ఉంది" అనుకుంటే సగం సార్లు పొరపాటే. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు ఆనిస్తే గాలి తోసుకొస్తోందా లేదా అన్నది ఆ సందేహాన్ని తీరుస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ మీద ఒక డిగ్రీ తిప్పితే క్రాంక్ లెక్కలో రెండు డిగ్రీలు మారుతుంది. "కొంచెమే తిప్పాను" అన్నవాళ్లు అనుకున్నదానికి రెట్టింపు తిప్పి ఉంటారు.

ఇంజిన్ ఇచ్చే ఆనవాళ్లు

నిప్పు బాగా ముందుగా పడుతుంటే కిక్కు ఎదురు తంతుంది, కారులో సెల్ఫ్ మోటారు ఆగి ఆగి మూలుగుతుంది. బాగా ఆలస్యంగా పడుతుంటే ఇంజిన్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది గానీ అందుకోదు, అప్పుడప్పుడు సైలెన్సర్‌లో ఢామ్మంటుంది. కష్టపడి స్టార్ట్ అయినా పొగగొట్టం మొదలు ఎర్రబడేంత వేడెక్కుతుంది. ఆలస్యంగా మొదలైన మంట సిలిండర్‌లో పని చేయకుండా గొట్టంలోకి పోవడమే ఇందుకు కారణం. కార్బొరేటర్ వైపు తుమ్మితే మాత్రం నూట ఎనభైనో తీగల వరసనో అనుమానించాలి. పొగ తోసే స్ట్రోకు చివర్లో మిశ్రమం లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటూ ఉంటుంది, అక్కడ పడిన నిప్పుకు బయటి దారి అటే దొరుకుతుంది.

వీటికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఈ బండిని ఎవరైనా విప్పారా? నిన్నటిదాకా నడిచి ఇవాళ పలకని ఇంజిన్‌కు టైమింగ్ కారణం కావడం అరుదు. బిగించి ఉన్న ప్లేటు రాత్రికి రాత్రి పది డిగ్రీలు తిరగదు. అక్కడ పాయింట్లకు నూనె అంటడం, తడి, కండెన్సర్ పోవడం, పెట్రోలు రాకపోవడం లాంటివి ముందు వరసలో ఉంటాయి. విప్పి బిగించిన ఇంజిన్ పలకకపోతే మాత్రం టైమింగే మొదటి ముద్దాయి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫ్లైవీల్ మాగ్నెటో (క్రాంక్ చివర తిరిగే బరువైన చక్రంలోని అయస్కాంతాలతో నిప్పు పుట్టించే ఏర్పాటు) ఉన్న పాత స్కూటర్లలో ఫ్లైవీల్‌ను క్రాంక్ మీద సరైన చోట నిలబెట్టేది అర్ధచంద్రాకారంలో ఉండే ఒక చిన్న కీ. నట్టు వదులై ఆ కీ తెగితే ఫ్లైవీల్ జారి, నడుస్తున్న బండికి కూడా టైమింగ్ ఒక్క క్షణంలో పోతుంది.

పుస్తకం, చెవి, స్ట్రోబ్ లైటు

పుస్తకంలోని అంకె చాలు అంటారు కొందరు. అరిగిన ఇంజిన్‌కు, మారిన పెట్రోలుకు ఆ అంకె పనికిరాదు, చెవితో విని పెట్టాలంటారు ఇంకొందరు. వేగంగా వెళ్తున్నప్పుడు లోపల టకటకమనే నాకింగ్ (మిశ్రమంలో కొంత తనంతట తానే పేలే చప్పుడు) వినిపించేదాకా ముందుకు జరిపి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తేవడం వాళ్ల పద్ధతి. అనుభవం ఉన్న చెవి నిజంగానే మంచి ఫలితం ఇస్తుంది. ఆ చెవికి వినిపించాలంటే ఇంజిన్ నడుస్తుండాలి కదా! పలకని ఇంజిన్ దగ్గర పుస్తకం అంకె, బల్బు తప్ప వేరే దారి లేదు. నడిచాక స్ట్రోబ్ లైటు (నిప్పు పడినప్పుడల్లా మెరిసే దీపం) కొడితే, వేగం పెరిగేకొద్దీ గుర్తు ముందుకు జరుగుతోందా లేదా, అంటే బరువులు పని చేస్తున్నాయా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. చెవి ఆ సంగతిని అంత స్పష్టంగా చెప్పలేదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకోవడం మీదా వాదం ఉంది. కిట్ పెడితే అరుగుదల ఉండదు, టైమింగ్ నెలలు గడిచినా కదలదు. పాయింట్లైతే దారిలో ఆగినా ఎమరీ పేపర్ ముక్కతో గీకి ఇంటికి చేరవచ్చు, కిట్ చచ్చిపోతే తోసుకెళ్లడమే. రెండు వైపులా నిజం ఉంది. ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: బరువులు బిగుసుకుపోయిన బండికి, నూట ఎనభై తప్పిన బండికి కిట్ ఏమీ చేయలేదు.

ఇథనాల్ పెట్రోలుకు టైమింగ్ మార్చాలా?

ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య 108 ప్రాంతంలో ఉంటుంది, నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది. కాబట్టి టైమింగ్ ముందుకు జరపవచ్చు, శక్తి పెరుగుతుంది అన్నది ఒక వాదం. జరిపే అవకాశం పెరిగిందన్నది నిజమే. అయితే బుల్లెట్ లాంటి తక్కువ కంప్రెషన్ ఇంజిన్ ఈ మంచి పెట్రోలుతో మామూలుగా నాకింగ్ అంచున ఉండదు, కాబట్టి లాభం అంతగా కనిపించదు.

రెండో వాదం మిశ్రమం గురించి. మామూలు పెట్రోలులో ఒక పాలు పూర్తిగా కాలడానికి తూకంలో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ ఉన్నదానికి సుమారు 13.5 చాలు. పాత కార్బొరేటర్‌కు ఈ తేడా తెలియదు, పెట్రోలు వచ్చే జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం సుమారు ఎనిమిది శాతం పలచబడుతుంది. పలచటి మిశ్రమం చల్లని ఇంజిన్‌లో అంటుకోవడానికి మొరాయిస్తుంది, నెమ్మదిగా కాలుతుంది. "పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు, టైమింగ్ చూడండి" అని వచ్చే బండ్లలో కొన్నింటికి కావలసింది ఒక సైజు పెద్ద జెట్. టైమింగ్ ముందుకు లాగితే నడక కొంత కుదుటపడినట్టు అనిపించవచ్చు, దాంతోపాటు కిక్కు ఎదురు తన్నడమూ మొదలవుతుంది.

నిలవ ఉన్న బండిలో ఇంకో చిక్కు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగున పొరగా పేరుకుంటాయి. కార్బొరేటర్‌కు ముందు చేరేది ఆ అడుగు పొరే. వానాకాలమంతా కదలని బండి పలకకపోతే, పాయింట్ల ప్లేటు స్క్రూ వదులు చేసేముందు కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోది ఒక గాజు గ్లాసులోకి వంచి చూడండి. గ్లాసులో రెండు పొరలు తేలితే ట్యాంకు ఖాళీ చేసి శుభ్రం చేయాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకుండా ఉంటే, ఆ 0.8 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోటే ఉంటుంది.